తోడు గోలి

ఆ పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేయడానికి వేరే పనేమీ తోచక మగ్గం గుంత అంచున కూర్చున్న నాయిన వెంకటనర్సు. పొయ్యి దగ్గర నాయిన తల్లి లీలమ్మ, నిహారికకు అవ్వ. అర్రలో మంచం మీద అమ్మ వసంతలక్ష్మి. అర్ర తలుపుకు ఎదురుగా రాట్నం ముందు నిహారిక. గోడకు అవతల కుట్టుమిషను తొక్కే ఇక్బాల్ బీని కూడా కలుపుకుంటే ఐదుగురు. ఆమె లోపలికి వచ్చినా రాకపోయినా ఆమె మిషను చప్పుడు మాత్రం పొద్దస్తమానం ఈ ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది.

అందరూ చూస్తున్నది ఒక్కదానికోసమే. అమ్మ లేచి, నీళ్ళు పోసుకుని, చీర కట్టుకుని బయటికి రావాలి. వస్తే అమ్మ, నాయిన, నిహారిక ముగ్గురూ నారాయణపేటకు ఆటోలో పోతారు, అక్కడ మరికల్ మీదుగా పాలమూరు పోయే బస్సు ఎక్కుతారు, మధ్యాహ్నానికి దవాఖానలో డాక్టరమ్మ ముందు కూర్చుంటారు. డాక్టరమ్మ ఈసారి నాయినను అడగదు, అమ్మను అడగదు. పోయినసారే చెప్పేసింది, వచ్చేసారి ఈ అమ్మాయి చెబుతుంది అని. ఏం చెప్పాలి? కొత్త గోలి అమ్మకు పడుతోందా, పడటం లేదా. అంతే. ఒక్క మాట. తరగతిలో హాజరు పిలిచినప్పుడు కూడా నోరు పెగలని నిహారిక ఆ ఒక్క మాటను నెల రోజులుగా వెతుకుతోంది, ఇంకా దొరకలేదు.

రాట్నం తిరుగుతుంటే కండె మీద ఎర్రనూలు పేరుకుంటోంది. చూపు దాని మీద ఉండనవసరం లేదు. పోగు ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ తెగబోతోందో వేళ్ళకే తెలుస్తుంది. అందుకే ఆమె పొద్దున్నే ఈ పని పెట్టుకుంది. చేతులకు పని ఉంటే కళ్ళు ఎటు పోతున్నాయో ఎవరూ పట్టించుకోరు. సగం తెరిచిన తలుపులోంచి అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి, మంచం చివర, దుప్పటి బయట. నిరుడు ఇదే రోజుల్లో ఆ పాదాలు ఎవరో విడిచిపోయిన చెప్పుల్లా ఉండేవి, ఎటు పడ్డవి అటే. ఇప్పుడు కుడిపాదం ఎడమపాదాన్ని మెల్లగా రుద్దింది. ఇది గుర్తా? దోమ అయి ఉండొచ్చు. దోమ కుడితే రుద్దుకోవడం కూడా నిరుడు లేదు కదా. నిరుడు దోమలు కుట్టలేదా, కుట్టే ఉంటాయి, అప్పుడు తను ఇంతగా చూడలేదేమో. చూడకుండా ఉన్న రోజుల్లో ఏం జరిగిందో ఇప్పుడు ఎట్లా తెలుస్తుంది. డైరీ తీసి చూద్దామంటే అందులో అమ్మ గురించి ఒక్క వాక్యం లేదు. కాలేజీ బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం, తెలుగు సార్ చదివించిన పద్యం, పక్కింటి మేక ఈనడం, అన్నీ ఉన్నాయి. అమ్మ గురించి రాస్తే అది అట్లాగే ఉండిపోతుందని భయం. రాసింది చెరిపేయడం ఆమెకు చేతకాదు.

ఆ తలుపు సగమే పడుతుంది. వానలకు నీళ్ళు తాగి ఉబ్బి అడుగున బండకు ఒరుసుకుంటుంది, కొంచెం పైకి ఎత్తి తోస్తే తప్ప చౌకట్టులో కూర్చోదు. లోపల గడియ లేదు. గడియ ఉన్న చోట మరమేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి. ఒకరోజు నాయిన ఎవరికీ చెప్పకుండా దాన్ని ఊడదీసి నూలు పెట్టెలో పడేశాడు. ఎందుకని నిహారిక అడగలేదు. అడగనవసరం లేదు. అంతకు ముందురోజు అమ్మ లోపల గడియ పెట్టుకుంది, ఎంత పిలిచినా పలకలేదు, నాయిన భుజంతో గుద్ది తలుపు తెరిస్తే మంచం మీద ఊరికే కూర్చుని ఉంది. ఏమైంది అని ఆమే అడిగింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోయినా నాయిన భుజం వారం రోజులు వాచింది, గడియ పోయింది. అప్పటినుంచి అమ్మ తలుపు సంగతే పట్టించుకోవడం మానేసింది. స్నానం చేసి వచ్చి, ఎదురుగా ఎవరున్నారు, వాకిలి తెరిచి ఉందా, వీధిలో ఎవరైనా పోతున్నారా అని చూడకుండా తడిచీర విప్పేది. మొదట్లో అవ్వ తిట్టేది. "సిగ్గు గూడ సచ్చెనానె తల్లీ నీకు? ఇజ్జత్ ఉన్న కొంప ఇది" అనేది. తర్వాత తిట్టడం మానేసి దుప్పటి పట్టుకుని అడ్డంగా నిలబడడం మొదలుపెట్టింది. అవ్వ తిట్టడం మానేసిన రోజే నిహారికకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

నాయిన లేచి వాకిట్లోకి పోయి ఎండ చూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, ఎర్రగళ్ళు, పచ్చ అంచు. చొక్కా నలుగుతుందని నేయడం లేదు, కాని చేయి ఊరికే పోయి, పోగును అటూ ఇటూ నడిపే నాడెను తాకి వస్తోంది. అతన్ని చూస్తే నిహారికకు జాలి వేస్తుంది, కోపమూ వస్తుంది, రెండింటిలో ఏది ముందో తెలియదు. ఏడాది పాటు అతను డాక్టరమ్మకు చెప్పింది ఒక్కటే మాట. ఎట్లా ఉంది వెంకటనర్సు గారూ? మంచిగనే ఉంది మేడం. నిద్ర? మంచిగనే. అన్నం? మంచిగనే. అమ్మను అడిగినా అదే, గోడ వైపు చూస్తూ, మంచిగనే ఉన్న మేడం. ఊళ్ళో ఎవరిని ఎట్లున్నవని అడిగినా మంచిగనే అంటారు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా మంచిగనే, పంట ఎండిపోయినా మంచిగనే, అది జవాబు కాదు, నమస్తే లాంటిది. డాక్టరమ్మకు ఆ సంగతి తెలియదు, ఆమె దాన్ని జవాబు అనుకుని రాసుకుంది. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ఒకసారి నాయిన తనంతట తానే అన్నాడు. పేటలో సేటు చీర మడత విప్పి, ముఖం మీద, గిది మంచిగ లేదు అంటే ఎట్లుంటదో నాకు తెలుసు బిడ్డా, చెయ్యాడదు నాలుగు రోజులు. పాపం డాక్టరమ్మ మనసు పెట్టి రాసిచ్చిన మందు, పనిచేస్తలేదని ఎట్ల చెప్పేది. అందుకని మొదటి గోలి అట్లాగే నడిచింది, దాన్ని పెంచడం, తర్వాత దాని బదులు రెండోది, అదీ అట్లాగే. మంచిగనే అనే మాట కింద అమ్మ రోజురోజుకూ సన్నబడింది. ఇక్బాల్ బీ జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టింది.

పోయినసారి డాక్టరమ్మ కలం పట్టుకుని ఉన్నట్టుండి నిహారిక వైపు తిరిగింది. ఆమె ముఖం చిన్నది, కళ్ళద్దాలు పెద్దవి. నువ్వు చెప్పు, నిన్న మీ అమ్మ ఏం కూర చేసింది? అంత తేలిక ప్రశ్న. నిహారిక నాయిన వైపు చూసింది, నాయిన నేల వైపు చూశాడు. గోడ మీద ఒక బొమ్మ ఉంది, పువ్వులు పట్టుకుని పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్న ఒక ఆడమనిషి, కింద మనసు గురించి ఏదో వాక్యం. ఆ బొమ్మను చూస్తూనే ఆమె అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, "అమ్మ కూర చెయ్యక బతుకమ్మ పండుగ పాయె మేడం. మొన్నటిది గాదు, అంతకు ముందు పండుగ." డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండేదని నాయిన తర్వాత అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి అడిగింది. మొదటి గోలితో అసలేమీ మారలేదా, కొంచెమైనా మారిందా? నిహారికకు గుర్తుంది. అంతకు ముందు అమ్మ తెల్లార్లూ కళ్ళు తెరుచుకునే ఉండేది. గోలి వేసుకున్నాక నిద్ర వచ్చింది, అది రెండోదానితోనూ పోలేదు. నిద్ర పోతాంది మేడం, అంతే. డాక్టరమ్మ ఆ అంతేను జాగ్రత్తగా పట్టుకుంది. కొంచెమైనా పట్టు దొరికితే ఉన్న మందు తీసేయకుండా దానికి ఇంకోటి తోడు ఇవ్వొచ్చు, అట్లాంటి వాళ్ళలో పనిచేసే ఆశ కొంచెం ఎక్కువ, అయినా ఖాయమని చెప్పలేను అంది. నాయిన చాలాసేపు ఆలోచించి, రక్తం తీసి సూస్తె తెలవదా మేడం ఎవలికి పడ్తదో అని అడిగాడు. లేదు, అట్లాంటి పరీక్ష ఉంటే అందరికంటే ముందు నేనే చేయిస్తాను, ఒకేలాంటి ఇద్దరికి ఇస్తే ఒకరికి పడుతుంది, ఇంకొకరికి పడదు, ఇచ్చి చూడడం తప్ప దారి లేదు అంది. కాకపోతే పడే వాళ్ళలో చాలామందికి మొదటి రెండు మూడు వారాల్లోనే ఏదో ఒక చిన్న గుర్తు కనబడుతుంది. గుర్తే లేకపోతే ఊరికే నెలలు లాగను. హైదరాబాదుకు రాస్తాను, అక్కడ మత్తిచ్చి తలకు కరెంటు పెట్టే చికిత్స ఉంది, మీరు విన్నట్టు భయంకరమైనదేమీ కాదు, చాలామందికి మేలు చేస్తుంది అని నెమ్మదిగా వివరించింది. నాయిన కరెంటు అనే మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ తర్వాత చెప్పినవి నిహారిక ఒక్కతే విన్నది. ఆకలి పెరిగితే అది మందు వల్ల కావచ్చు, దాన్ని గుర్తుగా లెక్కపెట్టకు. కాళ్ళు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తిరిగితే హుషారనుకోకు, వెంటనే ఫోన్ చెయ్యి. మరి గుర్తు ఎట్లా ఉంటుంది అని అడగాలనుకుంది. ప్రశ్న నాలుక మీదికి వచ్చి కూర్చుంది, అక్కడే ఉంది. డాక్టరమ్మకు వినిపించినట్టే ఉంది, లేస్తూ అంది, జబ్బుకు ముందు మీ అమ్మ ఎట్లుండేదో నాకు తెలియదు, నీకు తెలుసు, నీకే తెలుస్తుంది.

నీకు తెలుసు. అదే తెలియడం లేదు. జబ్బుకు ముందు అమ్మ ఎట్లా ఉండేది? బీరువా అద్దానికి అంటించిన ఫోటోలో నారాయణపేట చీరలో నిలబడి ఉంది, కాని అది ఫోటో కోసం నిలబడిన అమ్మ. నవ్వేదా? నవ్వేది, కొంగు అడ్డం పెట్టుకుని. దవాఖాన గోడ మీది బొమ్మలాగా ఎప్పుడూ నవ్వలేదు. పాటలు? లేదు. ఎంత తవ్వినా గొంతే వస్తోంది, గొంతులో తిట్లే వస్తున్నాయి. పోగు చిక్కుపడితే తిట్టు, చెప్పులు అడ్డంగా విడిస్తే తిట్టు, సేటు రంగు వెలిసిందని ధర తగ్గిస్తే నాయిన వెనక నుంచి వచ్చి సేటుకే తిట్టు. అవ్వకూ ఆమెకూ పొద్దున మొదలైతే ఇక్బాల్ బీ మిషను ఆపి వినేది, ఆనక వాకిట్లోకి వచ్చి, "నేనొక్కదాన్నే ఉంటె నా ఇల్లు ఖబరస్తాన్ లెక్క ఉంటది లీలమ్మా, మీ ఇల్లు సూస్తె జర పానం లేసొస్తది" అనేది. ఆ మిషను ఇప్పుడు వినడానికి ఆగదు. ఆగాల్సిన పని లేదు.

గోలీలు తెచ్చిన సాయంత్రం నాయిన అవ్వకు చెప్పాడు, ఉన్నది తీసెయ్యలేదు, దానికి తోడు గోలి ఇచ్చిన్రు అని. అవ్వ పాలగిన్నె దించుతూ ఉంది. "తోడు గోలా? పాలల్ల ఏసేదా?" అంది. నాయిన నవ్వలేదు కాని మూతి కదిలింది. అవ్వ వదలలేదు. "పాలు గోరువెచ్చగుంటేనే తోడు పడ్తది. కాగే పాలల్ల ఏస్తె ఇరుగుతది, సల్లారినంక ఏస్తె నీళ్ళ లెక్కనే ఉంటది. మరి గా డాక్టరమ్మ ఏలు పెట్టి సూసిందా మన కోడలు ఎంత ఎచ్చగున్నదో?" ఎట్ల చూస్తరే అవ్వా అని నిహారిక అంటే, "గదే గదా, మనిషిల ఏలు పెట్టి సూడరాదు" అంది అవ్వ. అప్పటినుంచి ఇంట్లో దాని పేరు తోడు గోలి. చిన్నది, లేత గులాబీ రంగుది, అరచేతిలో పెడితే బరువే తెలియదు. అంత లోతు గిన్నెకు ఇంత చిన్న తోడా అనిపించేది. పెరుగుకైనా అంతే కదా, చెంచాడు కూడా వేయరు. ఆమెకు ఐదారేళ్ళప్పుడు గిన్నెలో పాలు పెరుగు ఎప్పుడవుతాయో చూడాలని ఒకటే ఆరాటం. అమ్మ తోడు వేసి మూత పెట్టి అటు తిరగగానే ఇటు మూత తీసేది, గిన్నె వంచి చూసేది, ఇంకా పాలే, మళ్ళీ మూత, మళ్ళీ తీయడం. వీపు మీద ఒక్కటి పడింది. "ఊకె మూత తీసి సూస్తె తోడుకుంటదానె? దాన్ని దానంతట ఉండనియ్యి." ఆ దెబ్బ ఇప్పటికీ వీపు మీద ఎక్కడ పడిందో చూపించగలదు. ఇప్పుడు కూడా తను చేస్తున్నది అదే అనిపించి చూపు రాట్నం వైపు తిప్పుకుంది. ఒక నిమిషం. మళ్ళీ తలుపు వైపు.

ఏమేం చూసింది? మొదటి వారం ఏమీ లేదు. తర్వాత అమ్మ రొట్టె అడిగి వేయించుకుంది, అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నిహారిక మాత్రం అది లెక్కలోకి రాదని నోరు మూసుకుంది. ఒక సాయంత్రం అర్రలో ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉంటే నాయిన సంబరపడ్డాడు, నడుస్తున్నది సూడు అని. నిహారికే నాయిన ఫోన్ తీసుకుని దొడ్లోకి పోయి డాక్టరమ్మకు చేసింది. ఫోన్లో బయటివాళ్ళతో మాట్లాడడం ఆమెకు అదే మొదలు, చెమటకు ఫోన్ జారింది. గోలి సగం చేసి పొద్దున పూట వేయమన్నారు, తిరగడం తగ్గింది. ఇంకోరోజు, ఇయ్యాల ఏం వారం అని అడిగింది అమ్మ, బేస్తవారం అని చెప్పేలోపు ముఖం గోడ వైపు పోయింది. అన్నిటికంటే దగ్గరగా వచ్చింది మగ్గం దగ్గర. అమ్మ పోతూ పోతూ ఆగి, పడుగులో తెగిన పోగు ఒకటి కనిపెట్టింది. వేలితో చూపలేదు, ఊరికే దాన్నే చూసింది. నాయిన చేతిలో నాడె ఆగింది. నిహారిక లోపలే అనుకుంది, ముడివెయ్యి అమ్మా, ముడివెయ్యి. అమ్మ వెయ్యలేదు, పోయి పడుకుంది. నాయిన కూడా వెంటనే వేయలేదు. సాయంత్రం దాకా ఆ పోగును అట్లాగే వదిలి పక్కన కూర్చున్నాడు, దీపాలు పెట్టే వేళకు తనే వేసుకున్నాడు. అది గుర్తా? సగం గుర్తా? సగం గుర్తు అని చెబితే డాక్టరమ్మ ఏం రాసుకుంటుంది.

"బిడ్డా." నాయిన మగ్గం దగ్గర నుంచి మెల్లగా పిలిచాడు, అర్రలోకి వినపడకుండా. "డాక్టరమ్మ అడిగితె... జర మంచిగనే ఉన్నదని చెప్పరాదు?"

రాట్నం ఆగింది.

"పూర మంచిగున్నదని కాదు. జర. కరెంటు అంటె నాకు మనసొప్పుతలేదు బిడ్డా. ఇంకో నెల సూద్దమంటరు గంతే గదా."

అవ్వ పొయ్యి దగ్గర నుంచి, "ఏడాది పొడుగూ మంచిగనే మంచిగనే అని నువ్వు జెప్పి జెప్పి గిట్ల జేసినవు. ఇప్పుడు పిల్లకు నేర్పుతున్నవా?" అంది, పిండి పిసికే చేయి ఆపకుండా. కాసేపటికి అవ్వే మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి, "మరి ఏం జెప్తవే పిల్లా?" అని అడిగింది. ఏం చెబుతుంది. మంచిగనే అంటే ఇంకో నెల పోతుంది, ఆ నెల అమ్మది. లేదు అంటే హైదరాబాదు, నాయిన ఆ చొక్కాలోనే, ఆ ముఖంతోనే ఏదో పెద్ద దవాఖాన మెట్ల మీద కూర్చుంటాడు. డాక్టరమ్మ భయపడొద్దని చెప్పింది, నిహారిక ఆమెను నమ్ముతుంది. నమ్మినా, ఆ మాట తన నోటి నుంచి రావాలి. చూసింది చూసినట్టు చెప్పాలి. చూసింది ఏమిటో తెలిస్తే కదా.

మిషను చప్పుడు ఆగింది, ఇక్బాల్ బీ చేతిలో మడతపెట్టిన జాకెట్టుతో వాకిట్లోకి వచ్చింది. దర్జీ టేపు ఆమె మెడలో ఎప్పుడూ దండలా వేలాడుతుంది. "తయారైందా లీలమ్మా మీ కోడలు? మెడకాడ దారం ఊడితె ఏసుకొచ్చిన, దవాఖానకు గిదే తొడగమను. ఆధార్ కార్డు పెట్టుకున్నరా, లేకుంటె ఆడోళ్ళు గూడ బస్సుల టికెట్ కొట్టిచ్చుకోవాలె."

"పెట్టుకున్నం తియ్. జాకెట్టుదేముంది, ఆమెకు గోనెసంచి తొడిగినా ఊకుంటది."

"గట్లనకు లీలమ్మా, పదిమందిలకు పోతాంది." ఇక్బాల్ బీ జాకెట్టును నిహారిక ఒళ్ళో పెట్టి, అర్ర వైపు ఒకసారి తొంగిచూసి, తల నిమిరి పోయింది. ఫికర్ చెయ్యకు అన్నట్టు నిమిరింది. మిషను మళ్ళీ మొదలైంది.

మంచం కిర్రుమంది. పాదాలు కనిపించడం లేదు. అమ్మ లేచింది, తలుపు దాటి, మగ్గం దాటి, ఎవరినీ చూడకుండా దొడ్లోకి పోయింది. చెంబు చప్పుడు, నీళ్ళు పడే చప్పుడు. లేవమని ఈరోజు ఎవరూ చెప్పలేదు. కాని రాత్రి నాయిన చెప్పి ఉంచాడు, దాన్ని లేచినట్టు లెక్కపెట్టాలా, చెప్పినందుకు లేచినట్టు లెక్కపెట్టాలా. ఇక చాలు అనిపించింది. దవాఖాన గోడ మీది బొమ్మ అమ్మ ముఖంలో ఎప్పటికీ కనబడదు, ఆ బొమ్మను వెతుకుతూ తను ఏమేం వదిలేస్తోందో. ఈ ఆలోచన పూర్తి కాకముందే అమ్మ తడి అడుగులు బండల మీద పడ్డాయి, మగ్గం దాటాయి, అర్రలోకి పోయాయి. తలుపు ఎప్పటిలాగే సగం. అవ్వ చేతుల నిండా పిండి. "పోవే, దుప్పటి వట్టుకో" అంది. నిహారిక జాకెట్టు తీసుకుని లోపలికి పోయి మంచం మీద పెట్టి, దుప్పటి అందుకుని వెనక్కి వచ్చి గడప దగ్గర రెండు చేతులూ చాచి నిలబడింది, వీధి వైపు అడ్డంగా, ముఖం మాత్రం అమ్మ వైపు.

అమ్మ జాకెట్టు తొడుక్కుంది. కిందినుంచి ఒక హుక్కు పెట్టింది, రెండోది అందలేదు. ఊపిరి లోపలికి తీసుకుని మళ్ళీ ప్రయత్నించింది. సన్నబడిన రోజుల కొలతకు బిగించిన జాకెట్టు అది, ఇక్బాల్ బీ మెడ దగ్గర దారం వేసింది కాని కుట్లు విప్పలేదు. విప్పాలని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నెల రోజులు అమ్మను కళ్ళతో కొలిచిన నిహారికకు కూడా తోచలేదు. ఆకలి లెక్కలోకి రాదు, నిజమే, కాని ఒళ్ళు పెరిగింది కదా. అమ్మ మొహం కిందికి దించి హుక్కుల వైపే చూస్తోంది, నుదుటి మీద ఒక గీత పడింది. మందు పెరగాలో తగ్గాలో, పాలమూరో హైదరాబాదో, డాక్టరమ్మ అడగబోయే ప్రశ్నంతా నిహారిక గొంతులో రెండు ముక్కలై బయటికి వచ్చింది.

"ఎట్లున్నది అమ్మా?"

మంచిగనే. ఆ మాట కోసం ఆమె చెవులు ముందే సిద్ధమై ఉన్నాయి.

"ఎట్లుంటది? ఊపిరాడ్తలేదు." అమ్మ తల ఎత్తింది. "ఎవల కొలతకు కుట్టిందే గిది, నీ కొలతకా? కండ్లు పొయినయా గా బీకి?" గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం తీయని పెట్టెలోంచి తీసినట్టు. చూపు నిహారిక మీద పడింది, ఆమె చాచిన చేతుల మీద, దుప్పటి మీద, దుప్పటి వెనక తెరిచి ఉన్న వాకిలి మీద. జాకెట్టు రెండు అంచులనూ ఎడమచేత్తో గుప్పిట పట్టి దగ్గరికి లాక్కుంది. "నువ్వేందే, నాటకమోల్ల పరద లెక్క నిలవడ్డవు? వాకిలి బార్ల తెరిసి పెట్టి. ఊకె ఏం సూస్తున్నవు? పో అవుతలికి."

గోడ అవతల మిషను ఆగింది.

అమ్మ ఒంటి చేత్తో తలుపు రెక్క పట్టుకుంది. అది బండకు ఒరిసి ఆగిపోతే, అడుగున పాదం ఆనించి కొంచెం పైకి ఎత్తి, భుజంతో తోసింది. ఆ తలుపును ఎట్లా వేయాలో మరిచిపోలేదు. నిహారిక వెనక్కి ఒక అడుగు వేసింది, వేయకపోతే ముక్కుకు తగిలేది. గడప దగ్గర దుప్పటి కొస తలుపు సందులో ఇరుక్కుంది. ఇవతలి కొస ఆమె చేతిలోనే ఉంది. మగ్గం దగ్గర నాయిన లేచి నిలబడ్డాడు, వాచి తగ్గిన ఆ భుజంతోనే తలుపు వైపు రెండడుగులు వేశాడు. నిహారిక దుప్పటి వదలకుండానే రెండో చేయి అడ్డం పెట్టింది. లోపల అమ్మ ఇంకా గొణుగుతోంది, హుక్కులను, ఇక్బాల్ బీని, ఎవరినో. పొయ్యి దగ్గర నుంచి అవ్వ పిండి చేతులతో వచ్చి నిలబడి, గొణుగుడు విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయి పిండి గుర్తొచ్చి ఆగిపోయింది.

దుప్పటి లోపలి నుంచి ఒకసారి గుంజినట్టయింది. తలుపు వేలెడంత తెరుచుకుంది, అమ్మ చేయి దుప్పటి కొసను ఉండచుట్టి బయటికి తోసింది, "తలుపుల కాడ ఏం పని మీ అందరికి?" అంటూ, ఈసారి సందు లేకుండా తలుపు మూసింది.